స్వరూప ఆటలో నేను పెట్టిన ఫైలు

2023 ఎండాకాలం. భువనగిరిలో బస్టాండుకు పోయే రోడ్డు మీద నా కంప్యూటర్ రిపేరు దుకాణం. రెండు బల్లలు, ఒక సోల్డరింగ్ ఐరన్, మూలన విప్పి పడేసిన సీపీయూ డబ్బాల కుప్ప. ఊరి నడుమ ఉన్న గుట్ట రాయి పగలంతా కాగి సాయంత్రం ఆ వేడంతా మా మీదికే వదులుతుంది. అందుకే ఏప్రిల్ నుంచి జూన్ దాకా కాలిపోయిన పవర్ సప్లైలతోనే నాకు చేతినిండా పని.

మా వృత్తిలో ఒక పాడు అలవాటుంది. డబ్బాకు ఏ రోగమొచ్చినా 'ఫార్మాట్ కొట్టు' అంటాం. అంటే ఉన్నదంతా తుడిచేసి, జేబులో ఉన్న పెన్ డ్రైవ్ నుంచి దొంగ కాపీ విండోస్ ఎక్కించెయ్యడం. పదిహేనేళ్లు నేనూ అదే చేశాను. తర్వాత నాకు లినక్స్ పిచ్చి పట్టింది. కంప్యూటర్‌ను నడిపించే మూల వ్యవస్థను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. ఇళ్లలో ఎక్కువగా ఉండేది విండోస్. లినక్స్ అలాంటిదే ఇంకొకటి. అది ఉచితం, వైరస్ గోల తక్కువ, పాత డబ్బాల మీద కూడా హాయిగా నడుస్తుంది. దుకాణం ముందు 'ఇక్కడ లినక్స్ ఎక్కిస్తాం' అని బోర్డు కూడా రాయించాను. వచ్చినవాడికల్లా అదే చెప్తుంటే మా ఆవిడ ఆటపట్టించేది.

"రోడ్డు మీద చెట్ల మందు అమ్మేటోని లెక్క తయారైనవ్. జరమొచ్చినా గదే, కాలిరిగినా గదే."

నవ్వేవాణ్ణి గానీ మానలేదు. నాకు ఎక్కడిదో ఆ గర్వం.

స్వరూప నా దుకాణానికి వచ్చింది అంతకు ఏడాది ముందు. పక్క ఊళ్లో చేనేత కుటుంబం. తండ్రి యాదగిరి మగ్గం నేస్తాడు. డిగ్రీ చదువుతూనే తండ్రికి చీరల డిజైన్లు కంప్యూటర్ మీద గళ్లు గళ్లుగా గీసిచ్చేది. ఏదో ఆఫీసువాళ్లు తీసేసిన పాత డబ్బా కొనుక్కుంది. దాని వెనక విండోస్ లైసెన్సు స్టిక్కరు కూడా ఉంది, అసలుది. అయినా నేను ఊరుకుంటానా? నెమ్మదిగా ఉందని ఆమె తెస్తే లినక్స్ ఎక్కించాను.

"అన్నా, నేనొక ఆట ఆడత. గిండ్ల నడుస్తదా?" అని అడిగింది.

"ఎందుకు నడవదు? ఫికర్ చెయ్యకు, నాది పూచీ" అన్నాను.

నిజంగానే నడిచింది. విండోస్ కోసం రాసిన ఆటను లినక్స్ మీద ఆడించడానికి మధ్యలో ఒక అనువాదకుడి లాంటి ప్రోగ్రాము ఉంటుంది, కంపాటబిలిటీ లేయర్ అంటారు. ఆట తన భాషలో అడిగినదాన్ని అది లినక్స్ భాషలో చెప్పి పని చేయించుకొస్తుంది. ఆ ఆట కంపెనీ అప్పట్లో దీనికి అభ్యంతరం చెప్పలేదు.

ఆటంటే కాలక్షేపం ఆట కాదు. అటు అయిదుగురు, ఇటు అయిదుగురు ఎక్కడెక్కడో కూర్చుని ఆడే జట్టు ఆట. రెప్పపాటులో మౌస్ కదలాలి. స్వరూప చిన్నప్పటి నుంచి తల్లితో పాటు ఆసు పోసిన పిల్ల. రంగులద్దే ముందు నూలును అర్ధచంద్రం లాంటి చట్రం మీద మేకుల చుట్టూ పోయడమే ఆసు. ఒక్కో చీరకు వేల సార్లు చెయ్యి అటూ ఇటూ పోవాలి, మధ్యలో ఒక్క మేకు తప్పినా చీర చెడుతుంది. ఇంటికి ఆసు యంత్రం వచ్చాక భుజాల నొప్పి పోయింది, చేతుల వేగం మాత్రం ఉండిపోయింది. ఆటలో ఆమె పెట్టుకున్న పేరు కూడా 'ఆసు'. ఒకసారి దుకాణంలో ఆడి చూపించింది. నేను కళ్లప్పగించి చూస్తుండగానే అవతలి జట్టు ఖాళీ అయింది.

"అమ్మో, నీ చేతిల పడితే అంతే సంగతులు!" అన్నాను. పకపకా నవ్వింది.

ఆ ఎండాకాలం ఆమె జట్టు హైదరాబాద్‌లో జరిగే ఫైనల్‌కు ఇంకో రెండు గెలుపుల దూరంలో ఉంది. మిగతా నలుగురూ మగపిల్లలే. కెప్టెన్ నవీన్‌ది కరీంనగర్. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఫైనల్లో మాత్రం అందరూ వేదిక మీద కూర్చుని ఆడాలి. యాదగిరి మొదట ససేమిరా అన్నాడు. నెల రోజులు బతిమాలించుకుని చివరికి నా దుకాణంలోనే ఒప్పుకున్నాడు.

"పోనీ సారూ, నేను గూడ పోత. కింద కుర్చీల గూసోని సూస్త. నా బిడ్డ పేరు మైకుల పిలుస్తరట గద."

ఆయన ముఖంలో సంతోషం దాగలేదు. స్వరూప నేల చూపులు చూస్తూ నవ్వుకుంది.

సరిగ్గా అప్పుడే కంపెనీ ప్రకటన వచ్చింది. రెండు వారాల తర్వాత వచ్చే అప్‌డేట్ నుంచి లినక్స్ మీద ఆట నడవదని. కారణం యాంటీ చీట్. ఆటలో దొంగతనంగా సాయం తీసుకునేవాళ్లను పట్టే కాపలా ప్రోగ్రాము అది. దొంగను పట్టాలంటే ఆపరేటింగ్ సిస్టమ్ లోలోపలికి, కెర్నెల్ అనే మూలం దాకా దిగి చూడాలి. లినక్స్‌లో ఆ మూలాన్ని ఎవరైనా మార్చుకోవచ్చు. దాన్నే మేం గొప్పగా చెప్పుకుంటాం, దాన్ని చూసే ఆ కంపెనీ భయపడింది. పైగా లినక్స్ మీద ఆడేవాళ్లు పిడికెడు మంది. ఆ పిడికెడు మంది కోసం వేరే కాపలా రాయించడం దండగ అనుకున్నారు. అలాంటి నిర్ణయం తీసుకునేవాళ్లకు భువనగిరి పక్క ఊళ్లో ఒక ఆడపిల్ల ఉందని ఎలా తెలుస్తుంది?

నాకు తెలుసు. ఆ డబ్బా వెనక లైసెన్సు స్టిక్కరుందనీ తెలుసు. మళ్లీ విండోస్ ఎక్కించడం ఒక్క పూట పని. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఒక్క పూట! కానీ అలా చేస్తే 'నాది పూచీ' అన్న మాట వెనక్కి తీసుకోవాలి. బోర్డు పెట్టినవాణ్ణి, యాదగిరి ముందు 'ఇది పనికిరాదు' అని ఎలా అనను? ఇంటర్నెట్‌లో ఒక చర్చా ఫోరంలో ఎవరో పెట్టిన ఫైలు దొరికింది. అది పెడితే ఆట తాను విండోస్ మీదే ఉన్నాననుకుంటుంది.

"ఏం గాదు గదా అన్నా?" అని స్వరూప రెండుసార్లు అడిగింది.

"నేనున్న గదా!" అని ఆ ఫైలు పెట్టేశాను.

ఒక గెలుపు అయింది. రెండోదీ అయింది. ఫైనల్‌కు పది రోజుల ముందు, పొద్దున నేను షట్టర్ లేపుతుంటే తండ్రి టీవీఎస్ బండి మీద స్వరూప వచ్చింది. ఫోను నా ముఖం ముందు పెట్టింది. మోసం చేసినందుకు శాశ్వత బహిష్కరణ, అకౌంటుకే కాదు, ఆ డబ్బాకు కూడా. ఆటను నమ్మించడానికి నేను పెట్టిన ఫైలును కాపలా ప్రోగ్రాము పట్టేసింది. పోటీ పేజీలో 'ఆసు' పక్కన ఎర్ర అక్షరాల్లో అనర్హత అని ఉంది.

"కాలేజీల అందరూ దొంగాట ఆడినవంటున్నరు. నాయిన 'నిజమేనా బిడ్డా' అని అడిగిండు అన్నా. ఎన్నడూ గట్ల అడగలే." ఫోను బల్ల మీద పెట్టింది. "జర ఒక్క మాట రాసియ్యి. గా ఫైలు నువ్వు పెట్టినవని, నాకు తెల్వదని. నవీన్‌కు పంపుత."

రాసివ్వాల్సింది. అక్కడే, ఆ బల్ల మీదే. కానీ ఆ వారమే ఊళ్లో ఒక ప్రైవేటు బడివాళ్లు వాళ్ల ల్యాబు మొత్తం చూసుకోమని నన్ను పిలిచారు. ఫైళ్లు మార్చి మోసం చేసేవాడన్న పేరొస్తే ఇంకేమైనా ఉందా? నాకు భయమేసింది. అంతే, ఇంకో కారణం లేదు.

"తొందరపడకమ్మా. ముందు కంపెనీకి అర్జీ పెడత, వాళ్లే తీసేస్తరు" అన్నాను.

అర్జీ పెట్టాను. అందులో 'ఏదో సాంకేతిక లోపం' అని రాశాను. నా ఫైలు ఊసెత్తలేదు. మర్నాడే తిరస్కరించారు. స్వరూప ఇంకో రెండుసార్లు వచ్చింది. మొదటిసారి 'చూస్తున్న' అన్నాను. రెండోసారి దుకాణంలో గిరాకీ ఉందని ఆమె వైపు చూడనే లేదు. కాసేపు నిలబడి వెళ్లిపోయింది. మూడోసారి రాలేదు. జట్టు వేరే పిల్లవాణ్ణి తీసుకుని ఫైనల్‌కు పోయింది.

నాలుగు నెలలు ఆ పిల్ల ముఖం నా కళ్ల ముందు నుంచి పోలేదు. బడి ల్యాబులో కూర్చున్నా చేతులు పనిచేస్తుండేవి, మనసు మాత్రం ఆ ఎర్ర అక్షరాల దగ్గరే. చివరికి నవీన్ నంబరు సంపాదించి ఉన్నది ఉన్నట్టు రాశాను. ఆ రోజు సాయంత్రమే జవాబొచ్చింది.

"అన్నా, అప్పుడే చెప్తే అయిపోతుండె గద. పోటీ నిర్వాహకులు ఫైలు పెట్టినోళ్లతోని ఒక్క లెటర్ తెమ్మన్నరు. గది తెస్తే వాళ్ల కంప్యూటర్ మీద, కొత్త అకౌంట్‌తోని ఆడనిస్తమన్నరు. స్వరూపను మూడు రోజులు అడిగినం, ఫైలు ఎవరు పెట్టిండ్రని. పేరు చెప్పలే. 'పెట్టినాయననే చెప్తడు, ఆగుండ్రి' అన్నది. ఎవ్వరూ చెప్పలే. ఇగ ఈమెనే చేసిందనుకున్నం."

తల కొట్టేసినట్టయింది. మర్నాడు వాళ్ల ఊరికి పోయాను. స్వరూప ఆసు యంత్రం దగ్గర కూర్చుని ఉంది. డబ్బా అమ్మేశారట. నవీన్ రాసింది చదివించాను. తండ్రి పక్కనే మగ్గం గుంటలో కూర్చుని వింటున్నాడు. ఆయన ముందే చెప్పాను, తప్పు నాదేనని. పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె ఆయన చేతిలో ఆగిపోయింది. చాలాసేపు కూతురి వైపు చూశాడు.

"నా పేరు ఎందుకు చెప్పలేదమ్మా? చెప్తే నీ ఆట దక్కేది గదా" అన్నాను.

యంత్రం ఆపి, తెగిన పోగు ముడేసింది.

"కంపెనోళ్లకు నేనెవరో తెల్వది అన్నా. వాళ్లను ఏమంటం? నీకు తెల్సు గద. నువ్వు చెప్తవనుకున్న."

క్షమించమన్నాను. "పోనీ తియ్యన్నా" అంది. కోపంగా కాదు, ఆశ వదులుకున్నవాళ్ల మాటలా.

బోర్డు తీసేశాను. లినక్స్ ఇప్పటికీ ఎక్కిస్తాను, దాని తప్పేం లేదు. కానీ ఎవరైనా 'నడుస్తదా' అని అడిగితే, ఆ ఆట కంపెనీ పేజీ తెరిచి వాళ్ల ముందే చదువుతాను. నడవదని ఉంటే నడవదంటాను. నా చేతిలో చెడితే నేనే చెడగొట్టానంటాను. ఈ రెండు మాటలు నోటికి రావడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. అవి వచ్చేసరికి స్వరూప ఆడటం మానేసింది.