జెద్దా ఇత్తడి రోలు, దాని మీద వేలాడే బోర్డు

మా మనవరాలు లాస్య స్పానిష్ నేర్చుకుంటోంది. ఒక మాట పుట్టుక గురించి ఆదివారం తరగతిలో మాట్లాడాలి, మార్కులున్నాయి. దంచడం, నలగగొట్టడం అనే అర్థమున్న ‘మచకార్’ క్రియను ఎంచుకుంది. అది రోలుకున్న అరబ్బీ పేరు ‘మిహ్రాస్’ నుంచి పుట్టిందని పాత జెద్దాలో ఒక అంగడి బోర్డు మీద చదివిందట! ముప్పై ఏళ్లు భాష చెప్పినదాన్ని, బోర్డు చూసి వ్యుత్పత్తి రాస్తే ఊరుకుంటానా? ఆ బోర్డేదో నాకూ చూపించమన్నాను.

శుక్రవారం నాలుగున్నరకు మా అబ్బాయి ఇంటి నుంచి బయల్దేరాం. టాక్సీకి ఇరవై ఎనిమిది రియాళ్లు, పాతిక నిమిషాలు. బలద్ అనే ఆ పాత పేటలో దిగి, చెక్క కిటికీల మేడల మధ్య పది నిమిషాలు నడిస్తే ఇత్తడి సామాన్ల అంగళ్లు వస్తాయి. బోర్డున్న అంగట్లో పనిచేసే కర్నూలు మస్తాన్ రోట్లో యాలకులు దంచుతున్నాడు. అతని తలపైన బోర్డు: “స్పానిష్ మచకార్‌కు తల్లి ఈ మిహ్రాసే.”

“ఇది ఎవరు చెప్పారు నాయనా?”

“అందరూ అట్లే అంటారమ్మా. టూరిస్టులు ఫోటో తీసుకోని సంతోషంగా పోతారు.”

“‘మ’తో మొదలైతే చాలా? అయితే మామిడికాయ కూడా మిహ్రాస్ బిడ్డేనా?”

“అంత కోపమెందుకమ్మా, కూచోండి, గహ్వా కాఫీ తాగుదురు.”

తాగలేదు. ఫోన్‌లో నిఘంటువు తెరిచి చూపించాను. సుత్తికి లాటిన్‌లో ‘మార్కులుస్’, దాని నుంచి స్పానిష్‌లో ‘మాచో’, సుత్తితో కొట్టడం ‘మచార్’, ఆ తర్వాతే ‘మచకార్’. బోర్డు తీసెయ్యమన్నాను.

“మా కఫీల్, ఈ అంగడి యజమాని, రాయించినాడమ్మా. నేను పీకేస్తే రేపు నా ఇకామా, ఈడ ఉండే పర్మిట్టు, మీరు రెన్యూ చేపిస్తారా?”

ఆ కోపమంతా లాస్య మీదికి మళ్లింది. “అరబ్బీ ఊసే ఉండకూడదు. నువ్వు రాసుకొచ్చిన ఆ పేజీ కొట్టెయ్!” అన్నాను. పేజీ అంతటికీ అడ్డగీత గీసింది.

తిరుగు టాక్సీలో ఆ పేజీని నా ఒళ్లో పెట్టింది. “నానమ్మా, రోలును స్పానిష్‌లో ‘అల్మిరేస్’ అంటారు. అది మాత్రం మిహ్రాస్ నుంచే వచ్చింది. కింద రాసుకున్నా. చదవకుండానే కొట్టేయమన్నావు.”

నిఘంటువు చూశాను. నిజమే. దంచే పని పేరు లాటిన్ వాళ్లది, దంచే రోటి పేరు అరబ్బులది. చూసుకోకుండా బోర్డు రాయించిన ఆ యజమాని మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. కానీ అతని బోర్డు మస్తాన్ తీయలేకపోయినట్టే, నా మాట ఈ పిల్ల కాదనలేకపోయింది. ఇల్లు చేరేలోగా ఆ పేజీని నా చేత్తో మళ్లీ రాసిచ్చాను. ఆదివారం లాస్య రెండు మాటలూ చెప్పింది.

వెళ్లేవారికి ఒక్క సూచన: శుక్రవారమైతే నాలుగు దాటాకే బయల్దేరండి, అంతకుముందు అంగళ్లు తెరవరు.