నాకొక్కడికే తెలిసిన బ్రేకు

రిటైరైన రోజున శాలువా కప్పి, దండ వేసి, జీపులో కంచరపాలెంలో మా ఇంటి దాకా దింపారు. దారంతా డప్పులు. నేను లోలోపల నవ్వుకుంటూ కూర్చున్నాను. వాన పడిన మర్నాడే వీళ్లంతా వచ్చి నా గుమ్మం ముందు నిలబడతారని నాకు తెలుసు.

పోర్టులో మా యార్డులో పాత క్రేను ఒకటుంది. నాలుగు వానలు పడితే దాని బ్రేకు జారుతుంది, ఎత్తిన బరువు గాల్లో ఆగకుండా కిందికి దిగిపోతుంది. దాన్ని దారికి తేవడం నాకొక్కడికే వచ్చు. ఇరవై ఏళ్లు ఎవరికీ చెప్పలేదు. అందర్నీ కింద ఉంచి, ఒక్కణ్ణే పైకెక్కేవాణ్ణి. సబ్బవరం నుంచి వచ్చే నా జూనియరు ఒకసారి నిచ్చెన సగం దాకా ఎక్కితే, నలుగురిలో బూతులు తిట్టి దింపాను. సిగ్గేమీ పడలేదు. చెప్పేస్తే ఇక నన్నెవరు పిలుస్తారు?

అనుకున్నట్టే పిలిచారు. రెండు వానాకాలాలు ఆటో పంపి మరీ తీసుకెళ్లారు.

"అరవై దాటిపోనాయి, ఆ నిచ్చెనలెక్కడం మానీండి" అనేది మా ఆవిడ.

"నాను ఎల్లకపోతే అక్కడ పని ఆగిపోద్ది" అనేవాణ్ణి.

ఈ ఏడాది వానలు దంచికొట్టాయి. ఫోను రాలేదు. పాడైందేమోనని పక్కింటాయన చేత ఒకసారి చేయించి చూశాను. మోగింది. పది రోజులకి ఒళ్లు మండి నేనే బయల్దేరాను. గేటు దగ్గర పాసు అడిగినవాడితో గొడవ పడితే, నా జూనియరే వచ్చి లోపలికి తీసుకెళ్లాడు. ఇప్పుడు వాడు ఫోర్‌మన్.

క్రేను నిక్షేపంలా పని చేస్తోంది.

"టీ తాగండి గురువుగారూ" అన్నాడు. ఒక్క ముక్క నేర్పని నన్ను గురువుగారూ అంటుంటే అరికాలి మంట నెత్తికెక్కింది.

"బ్రేకెవుడు సూసాడ్రా?"

"మేవే సూసుకుంతన్నాం. పైన రాసీసాం, ఎవులెక్కినా సేసీగల్రు."

టీ పక్కన పెట్టి పైకెక్కాను. రేకు మీద తెల్ల పెయింటుతో మూడు వరుసలు. తుప్పు గీకడం, స్ప్రింగు నట్టు బిగించడం, కింది బోల్టు విప్పి మళ్లీ బిగించడం. మూడోదాని మీద అడ్డంగా గీత కొట్టేశారు.

"ఎలాగ తెలిసిందిరా?" అన్నాను దిగొచ్చి.

"మీరు బాగుసేసి ఎల్లిపోయిన పెతీసారీ ఏ బోల్టు మీద కొత్త గీతలు పడ్డాయో సూసి రాసుకున్నాం. మూడోది ఓపాలి మర్సిపోనాం. అయినా బ్రేకు పట్టీసింది. అదక్కర్లేదు గురువుగారూ."

ఇరవై ఏళ్లు వానలో తడుస్తూ ఆ బోల్టు విప్పాను, బిగించాను. వాడు జేబులోంచి చిన్న పుస్తకం, పెన్ను తీశాడు.

"మీకు తెలిసినయి ఇంకేటైనా ఉంటే సెప్పండి. అవీ రాసీద్దాం."

వెటకారమేమోనని మొహంలోకి చూశాను. కాదు, నిజంగానే అడుగుతున్నాడు. చల్లారిన టీ చేతిలో పట్టుకుని ఆలోచించాను. ఒక్కటీ తట్టలేదు. ఆ ఒక్క బ్రేకుకి కాపలా కాస్తూ, నేను ఇంకేమీ నేర్చుకోలేదు.