షుగర్ మేడం

వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. నేను ఒక్క అబద్ధంతో ఒక కాపురం కూల్చబోయాను. నవ్వుకోండి, తప్పులేదు, నాకు మాత్రం ఆ నవ్వు ఇప్పటికీ సగంలోనే ఆగిపోతుంది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. పిడుగురాళ్లలో ఒక ఆసుపత్రిలో సుఖవ్యాధుల కౌన్సెలర్‌గా చేరాను. ఉద్యోగం పేరు వినగానే మొదటి ఇంటావిడ, "పెళ్ళిగాని పిల్లవి, అయ్యన్నీ నీకెట్టా తెలుసే?" అని వారంలో ఖాళీ చేయించింది. జ్వరం సంగతి తెలియడానికి డాక్టరుకు జ్వరం రానక్కర్లేదు. నాకు మాత్రం అన్నీ అనుభవం మీదే తెలిసి ఉండాలట!

అందుకని రెండో ఇంట్లో, "షుగర్ రోగులకు సలహాలిస్తాను" అన్నాను. ఇంటావిడ రమణ వదిన మురిసిపోయింది. మర్నాటి నుంచి వీధిలోని షుగర్లన్నీ నా గుమ్మంలోనే! మామిడిపండు తినొచ్చా అని ఒకరు, సగం తింటే సగం షుగరేనా అని ఇంకొకరు. నేను ఫోన్లో చూసి, గొంతు సవరించుకుని తీర్పులిచ్చేదాన్ని.

ఒకరోజు వదిన భర్త, లారీ తోలే శీనన్న, వరండాలో తలొంచుకుని నిలబడ్డాడు.

"అమ్మాయ్, షుగరొస్తే పుళ్ళు పడతయ్యంటగా?"

"పడతాయన్నా."

"చెప్పుకోలేని చోట గూడానా?"

నాకు అర్థమైంది. రోజూ ఆ ప్రశ్న వినడమే నా ఉద్యోగం. "రేపు ఆసుపత్రికి, నా గదికి రా అన్నా" అంటే చాలు. కానీ అలా అంటే ఈ ఇల్లూ పోతుంది.

"అన్నం తగ్గించి, పొద్దున్నే నడువన్నా," అన్నాను.

పాపం, నడిచాడు. కుంటుతూ నాలుగు నెలలు నడిచాడు.

ఆ తర్వాత ఒకరోజు డాక్టరు పంపితే ఆలుమగలిద్దరూ ఆసుపత్రిలో సుఖవ్యాధుల గది తలుపు తోసుకుని వచ్చారు. వదిన పొత్తికడుపు పట్టుకుని, జ్వరంతో వణుకుతోంది. శీనన్న నన్ను చూసి నోరు తెరిచాడు.

"ఏందమ్మాయ్, నీకు గూడా వచ్చిందా?"

"లేదన్నా. నా ఉద్యోగమే ఇది."

"మరి ఆరోజు నేనడిగితే నడవమన్నావు గదా!"

వదిన మొగుణ్ణి చూసింది, తర్వాత నన్ను చూసింది. "తెలిసి గూడా చెప్పలేదేందే?"

"నన్ను చెడ్డదాన్ననుకుంటారని భయమేసింది వదినా."

"మందిచ్చే నీకే అంత సిగ్గయితే, జబ్బొచ్చిన నాకెంత ఉండాలే? చానా రోజులు పళ్ళు బిగబట్టుకుని పడున్నా."

మందులతో ఇద్దరికీ నయమైంది. వదిన అతనితో మాట్లాడటానికి ఏడాది పట్టింది. నాతో ఇంకా మాట్లాడలేదు.

కనుక సమస్త ఇంటి యజమానుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీద ఎక్కడ అద్దెకడిగినా, నా పేరు కంటే ముందు నా ఉద్యోగం చెబుతాను. మాట తప్పితే పిడుగురాళ్ల బట్టీల్లోని సున్నమంతా నా నోట్లో పడుగాక!