లాంచి వెనక పందిరి

మా మావకి పడవల వ్యాపారమేగానీ నీళ్లంటే మహా భయం. కళింగపట్నంలో ఆయన సరుకు పడవలు వంశధార సముద్రంలో కలిసే మొగ దాటి, దూరంగా లంగరేసిన ఓడలకు నువ్వుల బస్తాలు చేర్చేవి. తెడ్లు వేసేవాళ్ల రెక్కలు పడిపోయేవి. యుద్ధం అయిపోయాక విశాఖలో వేలానికొచ్చిన ఇంజనొకటి కొనుక్కొచ్చి, "ఒరే అల్లుడూ, పడవల్ని లాగే లాంచి సెయ్యి. నీ వల్ల కాదంటే సెప్పు, నరసన్నపేట బియ్యం మిల్లుకి అమ్మీస్తాను" అన్నాడు.

నేను ఆయనకి మేనల్లుణ్ణి, పైగా ఇల్లరికపుటల్లుణ్ణి. విశాఖలో పడవల నమూనాలు గీయడం నేర్చుకొచ్చాను. మామగారి అన్నం తిని బొమ్మలు గీస్తున్నాడని ఊళ్లోవాళ్లు నవ్వుకునేవారు. ఆ లాంచి సరిగ్గా లాగకపోతే ఇక నేను తలెత్తుకు తిరగలేను.

లాగే పడవకి అందచందాలుండవు. లావుగా, పొట్టిగా ఉంటుంది. వెనక భాగం లోతుగా మునగాలి, అప్పుడే కింద తిరిగే పెద్ద పంకాకి నీళ్లు దొరుకుతాయి. తాడు తగిలించే కొక్కెం చివర్న కాదు, ఇంచుమించు నడుం దగ్గర ఉండాలి. తోక కట్టేస్తే తల తిరగదు కదా. ఆ కొక్కెం వెనకంతా బోడిగా వదిలెయ్యాలి. ఎందుకంటే లాంచి మలుపు తిరిగినప్పుడల్లా తాడు ఆ చోటంతా చీపురులా ఊడ్చేస్తుంది.

మావకి ఆ బోడితనమే నచ్చలేదు. సరుకు పడవలో ఆయన ఎప్పుడూ వెనకే కూర్చునేవాడు.

"ఎనక పందిరెయ్యి. నాను కూకోవాల."

"తాడు తగుల్తాది మావా."

"తాడు నడిమిన పోతాది, నాను పక్కన కూకుంటాను. నీకేటి నొప్పి? పందిరి నేకపోతే ఇంజను మిల్లుకే!"

నాకు ఒళ్లు మండిపోయింది. అలిగి అన్నం మానేశాను. మా ఆవిడ మాత్రం నవ్వుతూ, "పందిరి ఏసీ బావా. మా అయ్యకి నువ్వు సెప్తే ఎక్కదు, తాడే సెప్తాది" అంది. సన్నని వెదురు గుంజలు నిలబెట్టి, పైన తాటాకు కప్పించాను.

లాంచిని నీళ్లలోకి దించిన రోజు ఊరంతా గట్టునే ఉంది. ఆడవాళ్లు పసుపు కుంకుమలు పెట్టారు. నిండా బస్తాలున్న పడవని వెనక కట్టాం. మావ పొందూరు పంచె కట్టుకుని పందిట్లో కుర్చీ వేయించుకున్నాడు. ఇంజను మోగింది, తాడు బిగిసింది, వెనక పడవ కదిలింది. గట్టు మీద ఒకటే కేకలు.

మొగకి ముందున్న మలుపులో చుక్కాని తిప్పాను. అంతే! గుంజలు, తాటాకులు, కుర్చీ, మావ, అన్నీ వంశధారలో ఉన్నాయి.

ఇంజను ఆపబోయేలోగా వెనక పడవవాళ్లు గెడ అందించి ఆయన్ని బస్తాల మీదికి లాగేశారు. ఇంజను మిల్లుకి పోయినట్టే అనుకున్నాను. మావ మొహం తుడుచుకుని ముందుకు చూశాడు. ఒక్క తెడ్డు కూడా పడకుండానే ఆయన పడవ బస్తాల బరువుతో సహా మొగ వైపు నడుస్తోంది.

"ఆపుతావేటిరా? లాగు!" అని అరిచాడు.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మొగ దాటి, ఓడకి సరుకు అందించి తిరిగొచ్చాం. గట్టెక్కగానే మావ తడి పంచె పిండుకుంటూ, "కొక్కేనికి ఎనక ఏటీ ఉండకూడదు. తాడు ఊడ్సీస్తాది" అని అందరికీ తనే కనిపెట్టినట్టు చెప్పాడు. మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

తరవాత, నన్ను చూసి నవ్వినవాళ్లందరి ముందూ నా భుజం మీద చెయ్యేశాడు.

"ఒరే, ఇంకో ఇంజను నాను ఎతుకుతాను. నువ్వు బొమ్మ గియ్యి."