సిమెంటు కళ్ళానికి పేడ

మా ఊళ్ళో ఏ కాగితం నింపాలన్నా నా దగ్గరికే వస్తారు. పక్క ఊరి ఆశ్రమ పాఠశాలలో టీచర్ని కాబట్టి సర్కారు భాష నాకు తెలుసని వాళ్ళ నమ్మకం. పింఛన్లకీ కులం సర్టిఫికెట్లకీ లెక్కలేనన్ని ఫారాలు నింపాను గానీ, కాఫీ కళ్ళం గ్రాంటు ఫారం చేతికొచ్చిన రోజు మాత్రం స్టాఫ్ రూములో గంతేసినంత పని చేశాను. ఊరి పేరు రాసే గడి చూడగానే మా కాఫీ మూటలతో ఘాట్ రోడ్డు దిగుతున్న లారీ కళ్ళ ముందు కనిపించింది. నాకు ఊహలెక్కువ, ఓపిక తక్కువ.

అప్పటిదాకా మేం పళ్ళు కోసి గుమ్మం ముందు మట్టిలోనో, చిరిగిన పరదా మీదో ఎండబెట్టేవాళ్ళం. మంచుకి తడిసేవి, ఎండొస్తే కోళ్ళు కెలికేవి. అరకు సంతకి మోసుకెళ్తే వ్యాపారి గుప్పెడు తీసి వాసన చూసి మొహం ముడిచేవాడు. ఆ ముడతని బట్టే ధర. ఇప్పుడు సర్కారు ముందుగా సిమెంటు కళ్ళం కట్టిస్తానంది. అది తనిఖీలో నెగ్గితే పండు తోలు తీసే మిషనూ నీళ్ళ ట్యాంకూ ఇస్తుందట, ఆ తర్వాత గోదాం సంగతి చూస్తుందట. నెగ్గకపోతే మిషను ఇంకో ఊరికి పోతుంది. ఊరు ఇవ్వాల్సింది చదునైన నేల ఒక్కటే.

మా కొండల్లో అన్నిటికన్నా కరువు ఆ చదును నేలకే. ఊరికి ఆనుకుని అలాంటి చెక్క ఒక్కటే ఉంది, అది మా మేనత్తది. మామయ్య పోయాక అందులో చోళ్ళు, అంటే రాగులు, వేసుకుని, ఏడాదంతా ఆ అంబలితోనే గడుపుకొస్తోంది. ఉన్నదాంట్లో సగం ఇమ్మని అడగడానికి ఊరి పెద్దలకి మొహం చెల్లలేదు. నేను వెళ్ళాను. మూడు ఆదివారాలు ఆవిడతో పాటు కలుపు తీస్తూ మిషను గురించి చెవిలో జోరీగలా పోరాను. నాలుగో ఆదివారం సమ్మతి పత్రం ఇలా ఇమ్మని చెయ్యి చాపింది.

“నీ మాట మీద ఏలిముద్ర ఏత్తన్నానే గుంటా,” అంది. “ఆ మిషను రాకపోతే సిమెంటులో సోళ్ళు మొలుత్తాయేటి?”

“వత్తాది అత్తా. నాను లేనా?” అన్నాను ధీమాగా. ధీమాకేం, నోటి మాటే కదా.

కట్టుబడి మొదలైన రోజు ఊళ్ళో పండగే. సెలవు పెట్టి మరీ ఇసుక మోశాను. పోసిన సిమెంటు మీద మగాళ్ళు గోనెలు తడిపి పరుస్తుంటే, నేను రోజూ బడి నుంచి వస్తూ ఒకసారి చూసి గానీ ఇంటికి వెళ్ళేదాన్ని కాదు. అత్త మాత్రం మిగిలిన సగంలో పని చేసుకుంటూ అప్పుడప్పుడు తలెత్తి అటు చూసేది. ఆవిడ చూపు నాకు బరువుగా ఉండేది.

కళ్ళం వాడే పద్ధతి నేర్పడానికి అరకులో ట్రైనింగు పెడితే నేనే వెళ్ళాను. చేయకూడనివన్నీ ఒక కాగితం మీద అచ్చేసి ఇచ్చారు. చెప్పులతో ఎక్కకూడదు, కోళ్ళని రానివ్వకూడదు, అలాంటివి. తిరిగొచ్చి ఊరందరినీ కూర్చోబెట్టి గట్టిగా చదివాను. ‘పేడ అలకరాదు, కాఫీ గింజ ఏ వాసనైనా పట్టేస్తుంది’ అన్న దగ్గర నాకు నవ్వొచ్చింది. సిమెంటు మీద పేడ ఎవరు అలుకుతారు? ఆ ఒక్కటీ వదిలేశాను.

కార్తీకం వెళ్ళేసరికి పళ్ళు ఎర్రబడ్డాయి. తనిఖీకి ఇంజనీరు గారు పది గంటలకి వస్తానని కబురు పెట్టారు. నాకు మనసాగక ఏడింటికే బయల్దేరాను. పొగమంచులో కళ్ళం సరిగా కనబడలేదు. దగ్గరికెళ్ళి చూస్తే బూడిద రంగు సిమెంటు ఉండాల్సిన చోట పచ్చగా ఉంది. ఈ మూల నుంచి ఆ మూల దాకా చక్కగా పేడ అలికి, అంచుల వెంట బియ్యప్పిండి ముగ్గు పెట్టారు. పక్కన మా అత్తా, మరో అయిదుగురు ఆడవాళ్ళూ మోచేతుల దాకా పేడతో, మొహాలు చాటంత చేసుకుని నిలబడి ఉన్నారు.

“ఏటి సేసేవత్తా!” అని కేక పెట్టాను.

“కళ్ళం అలకకుండా పంట పోత్తారేటే?” అంది ఆవిడ. “సిమెంటుదైతే కళ్ళం కాదేటి?”

ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? కొత్త పంట దించే ముందు కళ్ళం అలకడం మాకు పుట్టుకతో వచ్చిన పని. ఉత్త నేల మీద గింజ పోయడమంటే ఇంటికొచ్చిన చుట్టాన్ని పీట వేయకుండా కూర్చోబెట్టడమే. ఇదంతా నాకు తెలుసు. కానీ కోపం ముక్కు మీదుండే మనిషిని, ఆ క్షణంలో తెలిసిందేదీ గుర్తు రాలేదు. నీ భూమి చేజేతులా పోగొట్టుకున్నావు, మిషను ఇంక రాదు, అంటూ అందరి ముందూ అరిచాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, ఆ పొద్దున నా నోరు ఎంత చెడ్డదో ఊరంతా విన్నది. అత్త పేడంటిన తన చేతుల వంక చూసుకుంది.

“అరిసింది సాల్లే,” అంది. “బిందెలు తే, బేగి.”

ఎవరో వెళ్ళి చర్చి గంట కొట్టారు. ఆదివారం కాని రోజు గంట మోగేసరికి ఏ ఇల్లు తగలబడిందో అని ఊరంతా పరిగెత్తుకొచ్చింది. సంగతి తెలిశాక ఒక్కరూ ఊరికే నిలబడలేదు. గెడ్డ వాగు దగ్గర నుంచి కళ్ళం దాకా వరసగా నుంచుని బిందెలు చేతులు మార్చుకున్నారు. సంతకి కట్టి ఉంచిన కొండచీపుళ్ళు కట్టలు విప్పేసి తలొకటి పట్టుకున్నారు. చన్నీళ్ళకి వేళ్ళు కొంకర్లు పోతున్నా ఎవరికీ పట్టలేదు. పచ్చదనం కింద నుంచి సిమెంటు మెల్లగా తేలుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. కోపమంతా ఎటు పోయిందో గానీ, గొంతు చించుకుని అందరినీ ఉత్సాహపరుస్తున్నాను.

ఉన్నట్టుండి అత్త చీపురు ఆపింది. “ఒలే, ఇటు సూడు. నీరు ఎల్లట్లేదు.”

తూర్పు మూల నీళ్ళు నిలిచాయి. ఆవిడ చీపురుతో బయటికి తోసింది. వెళ్ళినట్టే వెళ్ళి మళ్ళీ అక్కడికే వచ్చాయి. సరిగ్గా అప్పుడే జీపు ఆగింది.

“ఏం చేస్తున్నారమ్మా?” అన్నారు ఇంజనీరు గారు దిగుతూనే.

వాలు సరిచూస్తున్నాం సార్ అనే అబద్ధం నా నాలుక చివర సిద్ధంగా ఉంది. అత్త నాకన్నా ముందే అందుకుంది.

“తెలీక పేడ అలికేం బాబూ, కడుగుతున్నాం. అది సరేగానీ ఇలా రా. ఈ మూల నీ కళ్ళం వంకరగుంది.”

నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఆయన మూల దగ్గర గొంతుకూర్చుని నీళ్ళలో వేలు పెట్టి చూస్తున్నారు. మొదటి కణుపు మునిగింది. ఆయన వేలు తుడుచుకుని లేచారు.

“పొడిగా ఉంటే సంతకం పెట్టేసి వెళ్ళిపోయేవాణ్ణి పెద్దమ్మా,” అన్నారు. “మీ గింజలన్నీ ఇక్కడ బూజు పట్టేవి.”

“ఫెయిలని రాస్తారా సార్?” అని అడిగాను.

“ఇవాళ ఏమీ రాయను. వారంలో మేస్త్రీ చేత సరిచేయిస్తాను. అలకడం మాత్రం మానండి. అది మీకిచ్చిన కాగితంలోనే ఉంది కదా.”

నేను మొహం దాచుకోవడానికి వంగి చీపురు అందుకున్నాను.

వారం తర్వాత ఆయన మాట ప్రకారం వచ్చారు. ఈసారి బిందె అత్త చేతికే ఇచ్చారు. ఆవిడ పై అంచున నిలబడి ఒక్కసారిగా కుమ్మరించింది. నీళ్ళు కళ్ళమంతా జారి, తూర్పు మూల ఆగకుండా పక్కనున్న కాలవలోకి దూకాయి. ఊరంతా ఈలలు, కేకలు. ఇంజనీరు గారు జీపు బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేస్తుంటే నాకు కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు. సిగ్గు పడకుండా ఏడ్చాను. పది రోజుల్లో మిషను ట్రాక్టరెక్కి ఘాట్ మీదుగా వచ్చేసింది. పళ్ళు పోసి తిప్పగానే ఎర్రతోలు ఒక పక్కకి, తెల్లగా జిగురు గింజ ఒక పక్కకి పడుతుంటే పిల్లల కన్నా ముందు నేనే వెళ్ళి చెయ్యి పెట్టాను.

ఆ హడావిడి సద్దుమణిగాక అత్త పక్కన గట్టు మీద కూర్చున్నాను. “అత్తా, పేడ మాట కాగితంలో ఉంది. సదవకుండా వదిలేసింది నానే. తప్పు నాది, తిట్లు నీకు.”

“తెలుసులే. ఆ బాబు అన్నప్పుడు నీ మొకం సూసేను.” ఆవిడ నవ్వలేదు, నన్ను ఓదార్చనూ లేదు. “గోదాం అన్నావు, దాని కాగితం ఏదే?” అంది.

అడగడానికి నాకే నోరు రాని మాట అది. ఆవిడ మిగిలిన సగంలో రాళ్ళ అంచు వైపు చెయ్యి చూపించింది. “అక్కడ సోళ్ళు ఎలాగూ పండవు, కట్టుకోండి. ఈ పాలి మాత్రం నాను నీళ్ళు పోసి, వాలు సూసి, సరే అన్నాకే ఆ ఇంజనీరు సంతకం ఎట్టాల. అది కూడా రాయి.”

ఫారంలో అలాంటి మాటకి గడి లేదు. అందరూ సంతకాలు పెట్టాల్సిన చోటుకి పైన స్కేలు పెట్టి నేనే ఒక గడి గీసి ఆ మాట రాశాను. అందరికన్నా ముందు ఆవిడే అందులో వేలిముద్ర వేసింది.