మీద పడకుండా ఆపేవాడు

“నీ కాలు పోయింది కాబట్టి నా కాలు కూడా మూల కూర్చోవాలి. అంతేగా నీ బాధ?”

“నోరు తగ్గించు.”

“ఎందుకు తగ్గించాలి? రేపు నాది వందో మ్యాచ్. నీ చెల్లెల్ని చేసుకున్న పాపానికి ప్రతిదానికీ నీ దగ్గర చెయ్యి చాచాలా?”

“దాని పేరు ఇందులోకి లాగకు, యాంఖో.”

వ్యాన్ వెనక సీట్లోంచి అరుస్తున్నవాడు మలావీ జాతీయ ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ యాంఖో. ముందు సీట్లో కాలు చాపుకుని కూర్చున్నవాడు అతని భార్యకి అన్న, ఆ జట్టు కోచ్ లుసుంగు న్యిరెండా. స్టీరింగ్ ముందున్నది శ్రీహర్ష. ఇంగ్లీషులో సాగుతున్న ఆ గొడవలో అతనికి పాత్ర లేదు, చెవులు మాత్రం ఉన్నాయి.

వ్యాన్ అరోరా ఊళ్ళో జట్టు దిగిన హోటల్ ముందు ఆగింది. యాంఖో తలుపు తీసి, దిగకుండా ముందుకి వంగాడు.

“అందరి ముందూ మాటిచ్చావు. రేపు పన్నెండింటికి గ్రౌండ్‌లో పరిగెత్తి చూపిస్తా. మోకాలు నొప్పి లేదంటే ఆడతా. తప్పితే కుర్రాళ్ళు నీ గురించి ఏమనుకుంటారో తెలుసుగా?”

“మాట తప్పను.”

తలుపు ధడాలున పడింది. హోటల్ ముందు మూడు మెట్లున్నాయి. ముప్పై మూడేళ్ళ ఆటగాడు ఆ మూడు మెట్లూ వదిలేసి, పక్కన చక్రాల కుర్చీల కోసం కట్టిన వాలు దారిలో ఎక్కివెళ్ళాడు. కోచ్ అది చూశాడు. శ్రీహర్ష కూడా చూశాడు.

శ్రీహర్షకి ఇరవై నాలుగు. కాలేజీ రెండో ఏడాదిలోనే వదిలేశాడు. క్లాసులో గంటసేపు కూర్చోవడం కన్నా జైలు నయమని అమ్మ మొహం మీదే చెప్పేశాడు. అప్పట్నుంచీ బాబాయ్ విశ్వనాథం వ్యాన్లు నడుపుతున్నాడు. ఇండియా నుంచి దిగే పెద్దవాళ్ళని ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి, ఇంటి నుంచి గుడికి చేరవేయడం పని. ముందు ట్రక్కు కనిపిస్తే దాటేదాకా నిద్రపట్టని రకం. స్పీడుకి రెండు జరిమానా టిక్కెట్లు కూడా పడ్డాయి. ఈ వారం మాత్రం వ్యాన్‌లో ఫుట్‌బాల్ జట్టు.

మొదటిరోజు కోచ్ వచ్చి ముందు సీటు పూర్తిగా వెనక్కి జరుపుకుంటే, ఈయనకి పొగరెక్కువ అనుకున్నాడు. తర్వాత తెలిసింది, ఆ కుడి మోకాలు మడత పడదని.

న్యిరెండా పుట్టింది మ్జుజు అనే ఊళ్ళో. బళ్ళో అందరికన్నా పొడుగు కాబట్టి డిఫెండర్‌గా నిలబెట్టారు, అంతే. తర్వాత దక్షిణాఫ్రికా క్లబ్బు, దేశం జట్టు. జనం ముద్దుగా ‘గేటు’ అని పిలిచేవారు. శ్రీహర్ష పాత వీడియోలు వెతికి చూసి నిరుత్సాహపడ్డాడు. గోల్స్ లేవు, గెంతులు లేవు. అవతలివాడు బంతితో దూసుకొస్తుంటే ఈయన వెనక్కి, వెనక్కి, ఇంకా వెనక్కి.

“ఇదేం ఆట సార్? మీరసలు బంతి లాక్కోవడమే లేదు!”

“తొందర వాడిది, నాది కాదు,” అని నవ్వాడు కోచ్. “మీద పడ్డానంటే ఒక్క అడుగులో దాటేస్తాడు. పడకుండా ఎదురుగా ఉంటే చాలు. ఈలోపు మావాళ్ళు వెనక్కి వచ్చేస్తారు.”

మోకాలు పోయాక అరోరా దగ్గర ఓ చిన్న కాలేజీలో అసిస్టెంట్ కోచ్‌గా చేరాడు. మంచు పడే నెలల్లో జిమ్‌లో కుర్రాళ్ళకి వెనక్కి నడవడం నేర్పాడు. కోచింగ్ పరీక్షలన్నీ రాశాడు. దేశం పిలిచినప్పుడు రెండు సూట్‌కేసులతో వెళ్ళిపోయాడు. అలాంటి మనిషి ఈ మధ్యాహ్నం జట్టంతా చూస్తుండగా యాంఖో రెచ్చగొడితే, ఆ పన్నెండింటి పరుగు మాట ఇచ్చేశాడు.

“మీద పడ్డాను హర్షా,” అన్నాడిప్పుడు, హోటల్ తలుపు వైపే చూస్తూ. “ఇన్నేళ్ళ తర్వాత, చిన్నపిల్లాడిలా.”

“పోనీలెండి సార్. ఆ నడక చూశారుగా, రేపు పరిగెత్తలేడు.”

అప్పుడే బాబాయ్ ఫోన్. వ్యాన్ స్పీకర్లో మోగింది.

“ఒరేయ్ హర్షా, పక్కన ఎవరున్నార్రా?”

“కోచ్ ఉన్నాడు బాబాయ్.”

“సర్లే, తెలుగేగా, ఆయనకేం తెలిసి చస్తుంది. రేపు మార్నింగ్ నైన్‌కి ఓహేర్ ఎయిర్‌పోర్టులో ఓ డాక్టర్ ల్యాండ్ అవుతాడు. యాంఖో ఏజెంట్ పంపిస్తున్నాడు. టెన్ థర్టీకల్లా హోటల్‌లో దించెయ్. టెస్ట్‌కి ముందే ఇంజెక్షన్ పడిపోవాలంట. కోచ్‌కి మాత్రం సీక్రెట్. నోరు జారావో, తోలు తీస్తా.”

శ్రీహర్ష గబుక్కున ఫోన్ కట్ చేశాడు. పక్కకి చూడటానికి ధైర్యం చాలలేదు.

“డాక్టర్, యాంఖో, ఏజెంట్, టెన్ థర్టీ, ఇంజెక్షన్, సీక్రెట్,” అన్నాడు కోచ్ నిదానంగా. “మీ భాష బాగుంది. నేర్చుకోవడం తేలిక.”

శ్రీహర్షకి నవ్వు రాలేదు. కోచ్‌కీ రాలేదు.

“నొప్పి తెలియకుండా చేసే సూది మా టీమ్ డాక్టర్ ఇవ్వనన్నాడు. అందుకే ఆ ఏజెంట్ వేరేవాణ్ణి దింపుతున్నాడు. గల్ఫ్ క్లబ్బువాళ్ళు యాంఖోని తీసుకుందామని రేపు ఆట చూడ్డానికి వస్తున్నారు.”

“వెళ్ళి నిలదీయండి సార్! ఇప్పుడే!”

“నిలదీస్తే జట్టు ముందు రచ్చ. అది ఇంకోసారి మీద పడటమే.” కోచ్ ప్యాంటు పైకి లాగాడు. మోకాలు చుట్టూ కుట్ల మచ్చలు, చీమల బారులా. “నాకూ ఇలాగే గుచ్చారు. ఆ రోజు ఎంత హాయిగా పరిగెత్తానో చెప్పలేను. నొప్పి ఉంటే ఆగిపోయేవాణ్ణి. లేదు కాబట్టే లోపల తెగిపోతున్నా ఆడాను. నా చెల్లికి ఇద్దరు పిల్లలు హర్షా. వాళ్ళని వాడు ఎత్తుకుని మెట్లెక్కాలి.”

శ్రీహర్ష స్టీరింగ్‌ని గట్టిగా పట్టుకున్నాడు. “నన్నేం చెయ్యమంటారు?”

“సూది లేకపోతే నొప్పి వాడికి నిజం చెబుతుంది. మూర్ఖుడే గానీ, నొప్పితో పరిగెత్తలేడు.”

“బాబాయ్ నన్ను పీకేస్తాడు సార్.”

“పీకేస్తాడు. అది నీకు ముందే చెప్పి అడుగుతున్నా.” కోచ్ అతని వైపు తిరిగాడు. “డాక్టర్‌ని ఎక్కించుకో. అబద్ధం చెప్పకు, బండి చెడగొట్టకు. హైవే మాత్రం ఎక్కకు. సిగ్నళ్ళున్న రోడ్డు పట్టుకో, రోడ్డు తవ్వుతున్న వైపు రా. ముందు ట్రక్కు ఉంటే దాన్ని దాటకు. పన్నెండు దాకా, హర్షా, ఒక్క పన్నెండు దాకా మీద పడకుండా ఆ మనిషికి ఎదురుగా ఉండు.”