వసారాలో మూడు ఊళ్లు

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల్లో, తిరువూరు నుంచి విస్సన్నపేటకు ఫోను చేయడం కంటే బస్సెక్కి వెళ్లి నోటితో చెప్పి రావడమే తేలిక. ట్రంకాల్ పొద్దున బుక్ చేస్తే సాయంత్రానికి కలిసేది. కలిసినా "హలో, హలో" అనుకోవడానికే సరిపోయేది. అప్పుడే బీకాం పాసైన నాకు లోకంలో ఏది చూసినా సరిచేయాలనిపించేది. (లోకం నన్ను అడగలేదన్న సంగతి తట్టేది కాదు.) అలాంటి నన్ను ఊళ్లో లారీ ఆఫీసు యజమాని, అందరూ పెద్ద సాయిబు గారనే ఆయన, "మామిడి సీజను అయ్యేదాకా చూద్దాం" అని గుమాస్తాగా పెట్టుకున్నారు. మాకు విస్సన్నపేటలో ఒకటి, రెడ్డిగూడెంలో ఒకటి బ్రాంచీలు. ఖాళీ లారీ ఒక్కటే ఉంటే, ఒకరికి తెలియకుండా ఒకరు దాన్ని ఇస్తామని ఇద్దరు రైతులకు మాటిచ్చేసేవారు. కోసిన కాయ తోటలోనే మగ్గిపోతుంటే ఆ రైతులు తిట్టే తిట్లు మాత్రం ట్రంకాల్ అవసరం లేకుండానే మాకు వినపడేవి.

నేనొక ఉపాయం కనిపెట్టాను. ఏ లారీ ఎక్కడుందో మూడు చోట్లా ఒకే లెక్క ఉండాలి. మూడింట్లో రెండు చోట్ల సరేనంటేనే లారీ ఇవ్వాలి. మాటలు బస్సు కండక్టర్లు మోస్తారు. సాయిబు గారు గడ్డం నిమురుకుంటూ విని, "బానే ఉందోయ్ బీకామూ. ముందు మా వసారాలో నడిపించు. నడిచిందా, ఉద్యోగం ఖాయం. నడవలేదా, ఇంక సీజను దాకా ఎందుకు?" అన్నారు.

మర్నాడు సాయంత్రం వసారాలో మూడు స్టూళ్లు వేసి మధ్యన దుప్పట్లు కట్టాం. నేను తిరువూరు. సాయిబు గారి బావమరిది రెడ్డిగూడెం. సాయిబు గారి తల్లిగారు విస్సన్నపేట. ఆవిడ ముందు పెట్టిన గ్లాసుడు టీ లారీ. సాయిబు గారేమో బస్సు. తల్లిగారు "రైతొచ్చాడు, లారీ ఇవ్వనా?" అనగానే, బస్సు కుర్చీలోంచి లేవకముందే దుప్పటి వెనక నుంచి రెడ్డిగూడెం "ఇచ్చెయ్యండి" అంది.

"చూశారా, ఎంత వేగమో!" అని పొంగిపోయాను.

"వేగం కాదోయ్, దుప్పటి పల్చన," అన్నారు సాయిబు గారు. "విస్సన్నపేటలో మాట్లాడితే రెడ్డిగూడెంలో వినపడుద్దా ఏంటి? ఇంక మాట నా చెవిలోనే వెయ్యాలి. నేనే మోస్తా."

ఈసారి తల్లిగారు కొడుకు చెవిలో చెప్పారు. బస్సు బయల్దేరింది, నోటితో హారన్ కూడా కొట్టింది, నాలుగడుగులు వేసి నేల మీద చతికిలబడింది. "పంచరు!" అన్నారు సాయిబు గారు.

"సాయిబు గారూ, లేవండి," అని బతిమాలాను.

"స్టెపినీ లేదు. ఏం చేస్తావ్?"

పంచరు సంగతి నా ఉపాయంలో లేదు. ఇంతలో విస్సన్నపేట వైపు నుంచి జుర్రుమని చప్పుడు. దుప్పటి ఎత్తి చూస్తే తల్లిగారు లారీని తాగేస్తున్నారు!

"ఎంతసేపు చూడమంటావు నాయనా? చల్లారిపోతోంది. కాయైనా అంతేగా, నీ 'సరే' కోసం పండకుండా ఆగుద్దా?" అన్నారావిడ.

ఉద్యోగం ఊడిందనుకుని ఏడుపు మొహంతో దుప్పట్లు విప్పబోయాను. బస్సు నేల మీద నుంచే కేకేసింది. "విప్పకోయ్! ఇక్కడ చెడింది గనక టీ పోయింది. తోటలో చెడితే రైతు పోయేవాడు. పంచరైతే ఏం చెయ్యాలో ఆలోచించు, మళ్లీ నడుపుదాం."

ఆలోచించాం. మధ్యాహ్నంలోగా కబురు రాకపోతే లారీ ఎవరి దగ్గర నిలబడి ఉందో వాళ్లదే నిర్ణయం, మిగతావాళ్లు దాని జోలికి పోకూడదు. కొత్త టీ వచ్చింది. ఈసారి బస్సు ఎన్ని వేషాలు వేసినా లారీ ఒక్క రైతుకే వెళ్లింది. "రేపు విస్సన్నపేట వెళ్లి అక్కడోళ్లకి నేర్పిరా. ఉద్యోగం ఖాయం," అన్నారు సాయిబు గారు మోకాళ్లు పట్టుకుని లేస్తూ.

తర్వాత పెద్ద పెద్ద ఆఫీసుల్లో పనిచేశాను. ఇంతకంటే మంచి ఉపాయాలే చెప్పాను, ఎవరో ఒకరు తలూపి సంతకం పెట్టేవారు, అంతే. నాకే సరిగా అర్థంకాని ఆలోచన కోసం ఒక ఇల్లంతా పని మానుకుని కూర్చోవడం మళ్లీ ఎక్కడా చూడలేదు. అదెంత ప్రేమో అప్పుడు తెలియలేదు. నా తెలివి చూసి మురిసిపోతున్నారనుకున్నాను.